జానెడు సందు

నిన్న సాయంత్రం పన్నెండు అడుగులున్న గది తెల్లారేసరికి ఎనిమిది అడుగులైంది.

జగన్నాధం మేస్త్రి టేపు మూడోసారి పరిచాడు. మళ్ళీ ఎనిమిదే. టేపు చుట్టలేదు, లేవలేదు. గీతల మధ్య గొంతుక్కూచుని నేలకేసి చూస్తూ ఉండిపోయాడు.

"నానైతే పన్నెండే గీసేను అయ్యగారూ," అన్నాడు చివరికి. "మీరూ అమ్మగారూ పడుకునే గది. మీ ముందరే కదా టేపు పట్టేను. ఎవులో నాలుగడుగులు మింగీసేరు."

అప్పలనరసింహం గారు ఆ ఇంటి పెద్ద. డెబ్బై ఆరేళ్ళ మనిషి. ఊళ్ళో వేణుగోపాలస్వామి ముందు యాభై ఏళ్ళుగా పొద్దుటా సాయంత్రమూ కీర్తన పాడుతున్న గొంతు ఆయనది. ఆ గొంతు పెరిగితే ఇంట్లో ఎవరూ భయపడరు. తగ్గితేనే భయం. ఇప్పుడది పూర్తిగా ఆగిపోయింది.

పాత ఇంట్లో ముందు రెండు గదులే మిగిలాయి. మిగతాది కూల్చేసి, నేల చదును చేసి, మేకులు కొట్టి, దారం లాగి, దారం వెంట సున్నం పోసి నిన్ననే కొత్త ఇల్లు నేలమీద గీశారు. ఎల్లుండి శంకుస్థాపన. ఈశాన్యం మూల ఇటికలు పేర్చి కట్టిన గూట్లో పెద్దాయన వెలిగించిన దీపం నిన్నటి నుంచీ ఆరకుండా ఉంది.

పడగ్గదులు మూడు. కొడుకు శ్రీనాథ్‌కీ కోడలు అనూరాధకీ పన్నెండు బై పద్నాలుగు. పెద్దాళ్ళిద్దరికీ పన్నెండు బై పన్నెండు. మనవరాలు ఆశ్రితకి పదికి పది. ఎనిమిదో తరగతి పిల్ల, చదువుకునే బల్ల పట్టాలని తాతగారే పట్టుబట్టి ఆ పదికి పది వేయించాడు.

ఈ మూడూ కాక వెనక ఇంకొకటి ఉంది. కాగితం మీద దానికి పేరు లేదు. ఆరు బై ఏడు. ఇంట్లో ఆడవాళ్ళు నెలకి మూడు రోజులు కూచోవలసిన గది. దానికి ఇంట్లోకి తలుపుండదు, పెరట్లోకే ఉంటుంది. దాని గోడ ఇంటి గోడకి తగలకూడదు. తగిలితే ఇల్లంతా మైల. అందుకని రెండు గోడల మధ్య జానెడు సందు వదలాలి. ఇది వాళ్ళ తాతల నాటి కొలత, టేపుతో కొలవరు. ఇంటి పెద్ద వంగి, బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా చెయ్యి చాపి నేలకి ఆనిస్తాడు. మేస్త్రి ఆ చేతికి రెండు పక్కలా మేకులు కొడతాడు.

నిన్న అలాగే కొట్టాడు. ఇవాళ ఆ సందు లేదు.

పెద్దాళ్ళ గది వెనక గోడ గీత తుడిచేసి, నాలుగడుగులు లోపలికి జరిపి గీశారు ఎవరో. ఆ నాలుగడుగులూ, జానెడు సందూ వెనక గదిలో కలిసిపోయాయి. ఆరడుగుల గది పదడుగులు దాటింది. అంతటితో ఊరుకోలేదు. రెండు గదుల మధ్య గీతలో ఒకచోట రెండున్నర అడుగులు ఖాళీ వదిలారు. అంటే తలుపు. మైల గదిలోంచి తిన్నగా ఇంటి పెద్ద పడగ్గదిలోకి తలుపు.

శ్రీనాథ్ గొంతు సవరించుకున్నాడు. రాజాంలో ప్రైవేటు కాలేజీ లెక్చరరు. అరవై మంది కుర్రాళ్ళ ముందు గంటసేపు ఆగకుండా మాట్లాడగలడు. తండ్రి ముందు ఒక వాక్యం పూర్తి చెయ్యలేడు. కుక్కలేమైనా తొక్కాయేమో నాన్నగారూ అని సణిగాడు.

"కుక్క టేపట్టుకొచ్చినాదేటి బాబూ," అంది మట్టితట్ట ఎత్తుకోబోతున్న దాలమ్మ. నవ్వింది. ఎవరూ నవ్వకపోయేసరికి తట్ట దించేసి పక్కకి జరిగింది.

జగన్నాధం గీత మీద వేలు రాసి, రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాడు. "ఇది నా సున్నం కాదయ్యగారూ. ముగ్గుపిండి."

ఆ మాటతో తండ్రీకొడుకుల చూపులు ఒకచోటికే పోయాయి. పెద్దాయన భార్య చూడామణికి మోకాలి ఆపరేషన్ అయినప్పటి నుంచీ, అంటే ఆర్నెల్లుగా, గుమ్మంలో ముగ్గు వేస్తున్నది కోడలు అనూరాధే.

అదొక్కటే అయితే పోనిద్దురు. పోయిన వారం పాత వెనక గది కూల్చినప్పుడు సందులోంచి మూడు పాము కుబుసాలు బయటపడ్డాయి. ఒకటి కర్రకి తగిలించి ఎత్తితే జగన్నాధం భుజాల దాకా వచ్చింది. జానెడు సందు వదలడమంటే పాములకి ఇల్లు కట్టడమేనని మేస్త్రి అప్పుడే చెప్పాడు. ఆ రోజు అనూరాధ మామగారి ఎదురుగా నిలబడి, కొత్త ఇంట్లో ఈ గది ఉండడానికి వీల్లేదంది. పదిహేడేళ్ళ కాపరంలో ఆయన కళ్ళలోకి చూసి మాట్లాడడం అదే మొదలు.

"నేను కాదు మావయ్యగారూ," అంది ఇప్పుడు.

"నేను అడగలేదమ్మా," అన్నాడాయన.

ఆ తరవాత ఆయన మాటలన్నీ నేలకి చెప్పినట్టే చెప్పాడు. సిద్ధాంతిగారు ఆయం కట్టి ఇచ్చిన కొలతలివి. అంగుళం జరిగినా ఇంటికి అరిష్టం. మైల గదిని ఇంట్లో కలిపితే స్వామి సేవకి తాను పనికిరాడు. ఎల్లుండి ముహూర్తానికి గోతులు సిద్ధంగా ఉండాలంటే సాయంత్రం నాలుగింటికి పునాది తవ్వడం మొదలవ్వాలి. అప్పటిలోగా ఈ పని చేసినవాళ్ళు దీపం ముందుకొచ్చి ఒప్పుకోవాలి. ఒప్పుకునేదాకా తను మంచినీళ్ళు కూడా ముట్టడు.

అన్నట్టుగానే ప్లాస్టిక్ కుర్చీ తెప్పించుకుని దీపం పక్కన కూచున్నాడు. షుగరు మనిషి. పొద్దుటి మాత్ర వేసుకోలేదు. అక్టోబరు ఎండ అప్పుడే చురుక్కుమంటోంది.

ఇలాంటి మనుషులు కొట్టరు, తిట్టరు. కడుపు మాడ్చుకుని కూచుంటారు. ఇల్లంతా వాళ్ళ కాళ్ళ దగ్గరికి పాకుతూ వస్తుంది.

అందరూ చెదిరాక అనూరాధ ఆ గీత దగ్గరికి వెళ్ళింది. వంగి చూసింది. చూసి, చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అది ఒక గీత కాదు. రెండు. పక్కపక్కన, వెంట్రుకంత ఎడంతో, తొణక్కుండా బెణక్కుండా పోయిన జంట గీత. మూడు వేళ్ళ మధ్య పిండి పట్టి ఒకే ఊపులో రెండు గీతలూ లాగాలి. అది ఈ ఇంట్లో ఒక్కరికే వచ్చు. అనూరాధ పదిహేడేళ్ళుగా నేర్చుకోవాలని చూసింది, రాలేదు. యాభై ఏళ్ళుగా ఆ జంట గీతల మీంచే అడుగేసి గుడికి వెళ్ళొచ్చే మగవాడికి మాత్రం ఆ సంగతి తెలీదు. కిందకి చూస్తే కదా.

*

లోపల ఆశ్రిత కిటికీ పక్క మంచం మీద కాళ్ళు ముడుచుకుని పడుకుని ఉంది. ఆదివారం కాబట్టి బడి లేదన్న వంక సరిపోయింది. కడుపునొప్పి అని చెప్పారు. నొప్పి నిజమే. కారణమే చెప్పలేదు.

ఆ పిల్ల పెద్దమనిషై రెండు నెలలు దాటింది. తల్లికి తప్ప ఎవరికీ తెలీదు. తెలిస్తే ఊరంతా పిలిచి పేరంటం చేస్తారు, ఆ తరవాత వెనక గదిలోకి తోస్తారు. అనూరాధ దాచింది. ఇది మూడో నెల. ఇవాళ మొదటి రోజు.

"అమ్మా, తాతయ్య నన్ను పిలుస్తారా?"

"ఎందుకు పిలుస్తారే. పడుకో."

"పాట చెప్పడానికి. పొద్దున్న పిలవలేదు."

"ఇవాళ పాటలేం ఉండవు."

పిల్ల మెల్లగా, తనవల్లే ఇదంతా అవుతోందా అని అడిగింది. ఎవరికీ చెప్పకుండా దేవుడి గది ముందు తిరిగినందుకు ఏదైనా అవుతుందా అని అడిగింది. గరివిడిలో ఫ్యాక్టరీ క్వార్టర్లో రెండు గదుల్లో ఆరుగురం పెరిగామే, ఎవరు ఏ రోజు ఎక్కడున్నారో ఎవరికీ పట్టేది కాదు, ఎవరికీ ఏమీ కాలేదు అని అనూరాధ చెప్పింది. ఇది చాలాసార్లు చెప్పిన మాటే. పిల్ల తలూపింది. ఆ తలూపడంలో నమ్మకం లేదు. తాత దగ్గర ఆరేళ్ళుగా పాట నేర్చుకుంటున్న పిల్ల. పాటతోపాటు భయం కూడా నేర్చుకుంది.

శ్రీనాథ్ లోపలికొచ్చి తలుపు దగ్గరికి వేశాడు. భార్యని వంట చేసుకుంటున్న మూలకి పిలిచి, ఒక్క మాట వినమన్నాడు. నువ్వే గీశానని చెప్పెయ్యమన్నాడు. ఆవేశంలో చేశాను, తప్పయిందని ఒక్క మాట. ఆయన నీళ్ళు తాగుతారు, గీతలు మళ్ళీ గీస్తారు, ఎల్లుండి ముహూర్తం దాటకుండా ఉంటుంది.

"నేను గియ్యలేదు."

"తెలుసు అనూ. నువ్వు గీస్తే నాకు చెప్పేదానివి."

"తెలిసే అడుగుతున్నారా?"

అతను నీళ్ళబిందె వంక చూశాడు. నాన్నగారి పెదాలు అప్పుడే ఎండిపోయాయన్నాడు. ఆరడుగుల గదికోసం ఆ మనిషిని చంపుకుంటామా అన్నాడు. ఆరడుగుల గదిలో కూచునేది ఎవరని ఆమె అడిగింది. కూచునేవాళ్ళు ఎవరూ కొలతలు చెప్పే చోట లేరు. సిద్ధాంతి, మేస్త్రి, తండ్రి, కొడుకు, నలుగురు మగాళ్ళు కాఫీలు తాగుతూ తేల్చిన కొలత అది.

"మీ అక్క ఎలా పోయిందండీ?" అంది అనూరాధ హఠాత్తుగా.

గోడ మీద అరుణశ్రీ ఫొటో ఉంది. పద్నాలుగేళ్ళ పిల్ల. రెండు జడలు, మెడలో సన్న గొలుసు.

"జొరం," అన్నాడు శ్రీనాథ్. "నాకు తొమ్మిదేళ్ళు. అమ్మమ్మగారింట్లో ఉన్నాను. వచ్చేసరికి అంతా అయిపోయింది. ఇప్పుడదెందుకు?"

"ఏం జొరం?"

"జొరమంటే జొరమే," అన్నాడు. కానీ ఫొటో వైపు చూడలేదు.

*

నూతి చుట్టూ కట్టిన చపటా సరిగ్గా ఆశ్రిత పడుకున్న కిటికీ కిందే. చూడామణి అక్కడ కూచుని మోకాళ్ళకి కొబ్బరినూనె రాసుకుంటోంది. డెబ్బై ఏళ్ళ మోకాళ్ళు. రెండూ ఒరుసుకుపోయి ఎర్రగా కందాయి. ఆపరేషన్ కుట్టు పక్కన చర్మం లేచిపోయింది. నేలమీద వంగలేని మనిషి అర్ధరాత్రో తెల్లారుజామునో మోకాళ్ళ మీద దేక్కుంటూ అంత గీత గీసిందన్నమాట.

"జంట గీత మీకు తప్ప ఎవరికీ రాదు అత్తయ్యా," అంది అనూరాధ.

చూడామణి చెయ్యి ఆగింది. "తుడిచేసేవా?"

"లేదు."

"తుడిచెయ్యవే. ఆయన చూస్తారు."

"ఆయన ఎప్పుడు చూసేరని."

అనూరాధకి అప్పుడు కోపం వచ్చింది. పొద్దున్న అందరి ముందూ తను దొంగలా నిలబడితే ఈవిడ గుమ్మంలో చీపురు పుల్లలు ఏరుతూ కూచుంది. ఆ మాటే అంది. గొంతు తగ్గించే అంది గానీ ప్రతి మాటా కొరికి అంది.

"ఆ గది ఒద్దని గీత చెరిపేస్తే మీ కాళ్ళకి దణ్ణం పెట్టేదాన్ని," అంది అనూరాధ. "పెంచేరేటి? ఆరు చాలదని పది చేసేరు. ఎందుకు? నన్నూ నా కూతుర్నీ ఇద్దర్నీ ఒకేసారి తోసెయ్యడానికా?"

నా కూతుర్నీ. ఆ మాట బయటికి వచ్చేశాక గానీ ఆమెకి తెలియలేదు. నోరు మూసుకుంది.

చూడామణి నూనె గిన్నె పక్కన పెట్టింది.

"రెండు నెలలై దాని బట్టలు నీ బట్టల్లో కలిపి ఉతుకుతన్నావు," అంది. "నా మోకాళ్ళు పోయేయి. కళ్ళు పోలేదు."

"ఆయనతో చెప్పేరా?"

"చెప్తే నీ కూతురు ఈపాటికి ఎక్కడుండేది?"

అనూరాధ చపటా అంచు మీద కూచుంది. చూడామణి కోడలి వైపు తిరగకుండా, నూతి గిలకతో మాట్లాడుతున్నట్టు మాట్లాడింది.

"ఆరడుగుల్లో ఒక మంచమే పడతాది. పదైతే రెండు పడతాయి. ఆ మూడు రోజులూ దాని పక్కన నేను పడుకుంటాను. మధ్యలో సందు ఉండదు. తలుపు మా గదిలోకి ఉంటాది. పిల్ల పిలిస్తే వినిపిస్తాది."

"గది ఒద్దని అనలేరా మరి?"

"అది నా నోట రాదే. కొలతే నా చేతనైంది."

అనూరాధ అడగవలసింది అడిగింది. అరుణశ్రీ పిలిస్తే వినిపించలేదా అని.

"వినిపించింది," అంది చూడామణి.

ఆవిడ చెప్పడం మొదలెట్టాక మధ్యలో ఎక్కడా ఏడవలేదు. అదే భయం వేసింది అనూరాధకి. ముప్పై ఆరేళ్ళ కిందటి వానాకాలం. దీపాలు పెట్టే వేళ. చూడామణి మడి కట్టుకుని స్వామికి నైవేద్యం వండుతోంది. అది దించితే పట్టుకుని గుడికి వెళ్ళాలని అప్పలనరసింహం మడి పంచెతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వెనక గదిలో అరుణశ్రీ. రెండో రోజు.

"అమ్మా, కాలికేదో కరిచిందే అంది. రెండు గోడల అవతల్నుంచి. నూతిలోంచి వచ్చినట్టు వస్తాది గొంతు. ఎలకై ఉంటాదన్నాను. వెళ్ళి ముట్టుకుంటే మళ్ళీ తలస్నానం, మళ్ళీ వంట. స్వామికి వేళ దాటిపోతాది. నైవేద్యం దించేదాకా ఆగవే అన్నాను."

కిటికీలో తెర కదిలింది. చపటా మీద ఇద్దరూ చూడలేదు.

"ఆగింది," అంది చూడామణి. "చెప్పిన మాట వినే పిల్ల అది."

"మళ్ళీ పిలవలేదా?"

"ఒక్కసారి. రెప్పలు వాలిపోతన్నాయే అంది. నిద్దరనుకున్నాను."

నీళ్ళు పోవడానికి ఆ గది గోడలో తూము ఉండేది, సందులోకి. కట్లపాము అందులోంచి వచ్చింది. మడమ మీద గాటు చీమ కుట్టినంత. ఊరికి జొరమని చెప్పారు. తెలిస్తే మడికోసం పిల్లని చంపుకున్నారంటారు. చెప్పగా చెప్పగా ఆయనకి అది జొరమే అయిపోయింది.

"మావయ్యగారు విన్నారా అత్తయ్యా? అది పిలిచినప్పుడు?"

చూడామణి నూనె గిన్నె ఇంకా దూరంగా జరిపింది.

"అడగలేదు. ముప్పై ఆరేళ్ళై ఆ ఒక్క మాటా అడగలేదు. విన్నానంటే ఆ మనిషితో ఎలా కాపరం చెయ్యను? వినలేదంటే నేనొక్కదాన్నే విన్నట్టు." ఒరుసుకుపోయిన మోకాలి మీద అరచెయ్యి పెట్టి నొక్కుకుంది. "ఆ సందు తప్పని ఒప్పుకుంటే ఆయన ఏమైపోతారే. అందుకే మళ్ళీ అదే కొలత. నిన్న చెయ్యి చాపి చూపించేరు, చూసేవా? వణకలేదు."

నాలుగింటికి మీరే చెప్పండి అత్తయ్యా అని అనూరాధ బతిమాలింది. చూడామణి తల అడ్డంగా ఊపింది. నోరు రాదంది. ఆయన ఎదురుగా నిలబడితే నాలిక మడతపడిపోతుందంది. నువ్వు చెప్పు, నేను గీశానని నువ్వే చెప్పు, నేను కాదనను అంది. ఆ మాట అంటున్నప్పుడు కూడా గుమ్మం వైపే చూస్తోంది, ఆయన వచ్చేస్తాడేమోనని.

*

నాలుగైంది. అప్పలనరసింహం గారి పెదాలు తెల్లగా పొరలు కట్టాయి. శ్రీనాథ్ గ్లాసుతో రెండుసార్లు వచ్చి రెండుసార్లూ వెనక్కి తీసుకెళ్ళాడు. ఇప్పుడు మూడోసారి గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. జగన్నాధం గునపం నేలకి ఆనించి దానిమీద రెండు చేతులూ పెట్టి నిలబడ్డాడు. వెనకాల దాలమ్మ.

మీ ఇళ్ళల్లో ఈ రోజులకి ఏం చేస్తారని అనూరాధ పొద్దున్న దాలమ్మని అడిగింది. "మాకున్నది ఒకటే గదమ్మా. అంటు అంటే మా ముసిలోడే ఎల్లి అరుగు మీద పడుకుంతాడు," అంది దాలమ్మ. అంతే తేడా. గది ఒకటే అయితే ఎవరు బయటికి పోవాలో వేరే లెక్క తేలుతుంది.

"వేళైంది," అన్నాడు అప్పలనరసింహం. "ఎవరు?"

గాలికి దీపం అటూ ఇటూ ఊగింది. చూడామణి పాత ఇంటి గుమ్మం పట్టుకుని నిలబడింది. నోరు తెరుచుకుంది, మూసుకుంది.

శ్రీనాథ్ ఒక అడుగు ముందుకేశాడు. "నాన్నగారూ, అనూ ఏదో ఆవేశంలో..."

"నేను కాదు," అంది అనూరాధ.

అతను ఆగిపోయాడు. భార్య వైపు చూడలేకపోయాడు. తండ్రి వైపు చూడలేకపోయాడు.

పెద్దాయన కళ్ళు మూసుకుని కాసేపు కూచున్నాడు. తెరిచినప్పుడు ఆ కళ్ళలో కోపం లేదు. ఆ ఇంట్లో ఆయన మెత్తగా పలికేది ఒక్కరి పేరే. అలా పలికాడు.

"ఆశ్రితా. ఇలా రామ్మా."

కడుపునొప్పి మావయ్యగారూ, పడుకుంది అని అనూరాధ చెప్పబోయింది. అప్పటికే పిల్ల వచ్చి తల్లి పక్కన నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో. మొహం పాలిపోయి ఉంది.

"పెద్దాళ్ళు అబద్ధాలాడుతున్నారు," అన్నాడు తాత. "నువ్వు ఆడవు. నాకు తెలుసు. వచ్చి ఈ దీపం ఒత్తి ఎగదోసి, ప్రమిద ముట్టుకుని చెప్పు. గీత ఎవరు గీశారో తెలిస్తే తెలుసను. తెలీకపోతే తెలీదను. చాలు."

పది అడుగుల దూరంలో దీపం. పిల్ల దానికేసి చూసింది. కుబుసాలు బయటపడ్డ రోజున సందుకేసి ఎలా చూసిందో అలా చూసింది. ముట్టుకుంటే ఏమవుతుందో ఆమెకి తెలీదు. ముట్టుకోకపోతే ఏమవుతుందో తెలుసు. తల్లి చెయ్యి పట్టుకుంది. ఆ వేళ్ళు మంచులా ఉన్నాయి.

"రామ్మా," అన్నాడు తాత మళ్ళీ.

పిల్ల కదల్లేదు.

"దాన్నెందుకు పిలుస్తారు. గీత నేను గీసేను."

అంత చిన్న గొంతు. ఎవరిదో మొదట శ్రీనాథ్‌కి తెలియలేదు. చూడామణి గుమ్మం ఒదిలేసి వస్తోంది. పట్టుకోవడానికి గోడలు లేవు, అన్నీ గీతలే. హాలు గీత దాటింది, వంటిల్లు గీత దాటింది, తనకోసం గీసిన పడగ్గది దాటింది. నిన్నటి జానెడు సందు ఉన్నచోట ఆగి, మోకాళ్ళు వంగక, ఒక చెయ్యి నేలకి ఆనించి, ఒరిగి, కూచుంది. జంట గీత ఆమె చీర కింద నలిగిపోయింది.

"జగన్నాధం, ఇక్కడ తవ్వకు," అంది. "గోడ అక్కడ, ఎనిమిది దగ్గర. నాకు ఎనిమిది చాలు."

"లే," అన్నాడు అప్పలనరసింహం.

ఆవిడ లేవలేదు. వణుకుతోంది. అయినా లేవలేదు.

"అరుణ ఈ సందు వల్లే పోయింది," అంది.

"జొరం," అన్నాడాయన. "దానికి జొరం."

"కాదు."

శ్రీనాథ్ చేతిలో గ్లాసు ఒరిగి నీళ్ళు కాళ్ళ మీద పడ్డాయి. అతనికి తెలియలేదు. తండ్రి మాటకి తల్లి కాదనడం పుట్టాక అతను వినలేదు.

పెద్దాయన భార్యకేసి చూడలేదు, కొడుకుకేసి చూడలేదు. ఆయన చూపు మెల్లగా తిరిగి తిరిగి పిల్ల దగ్గర ఆగింది. తల్లి చెయ్యి పట్టుకున్న ఆ చిన్న చెయ్యి దగ్గర ఆగింది.

"సరే," అన్నాడు. గొంతు ఇంకా తగ్గింది. "గీత మీ నానమ్మ గీసింది. తేలిపోయింది. మరి నువ్వు దీపం ముట్టుకోడానికి ఎందుకు భయపడ్డావమ్మా?"

అనూరాధ నోరు తెరిచింది. ఏ అబద్ధమూ అందలేదు. అన్నీ వాడేసింది.

ఆశ్రిత తల్లి చెయ్యి విడిపించుకుంది. దీపం వైపు వెళ్ళలేదు. నానమ్మ దగ్గరికి నడిచి, ఆవిడ భుజం ఆనుకుని నిలబడింది. తాత కళ్ళలోకే చూసింది.

"నేను చెప్తాను తాతయ్యా," అంది. "ముందు నువ్వొకటి చెప్పు. ఆ రోజు అరుణత్త పిలిచినప్పుడు నీకూ వినిపించిందా?"

చూడామణి చేతులతో మొహం కప్పుకుంది.

కుర్చీ చేతి మీద అప్పలనరసింహం గారి కుడిచెయ్యి ఉంది. నిన్న నేల మీద చాపి జానెడు కొలిచిన చెయ్యి. ఆ వేళ్ళు ఒక్కొక్కటే లోపలికి ముడుచుకున్నాయి. పెదాలు కదిలాయి. మాట రాలేదు. రెండోసారి కదిలాయి.

"జగన్నాధం," అన్నాడు. "గునపం ఎత్తు."

ఏ గీత మీద తవ్వాలో చెప్పలేదు.